ఎర్ర గుర్తు లేని ఊరు

మా ఊళ్లో ఎవరికీ ఏ జబ్బూ లేదని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. కింద సంతకమూ ముద్రా రెండూ ఉన్నాయి కాబట్టి అనుమానించడానికి వీల్లేదు. కాగితం వచ్చిన పూట ఊళ్లో ముగ్గురు జ్వరంతో పడుకుని ఉన్నారు, చివరి వీధి తాత ఆపకుండా దగ్గుతున్నాడు. పాపం, వాళ్లకు సంగతి ఆలస్యంగా తెలిసింది.

ఇంత ఆరోగ్యం మాకు ఊరికే రాలేదు. దాని వెనక ఇద్దరి కృషి ఉంది. ఒకరు కొలతలక్క, రెండోవారు పచ్చసారు.

కొలతలక్క మా ఊరి ఆరోగ్య కార్యకర్త. బీపీ మిషను, పిల్లల జబ్బ చుట్టూ చుట్టే టేపు, కొక్కానికి వేలాడదీసే తూకం సంచిలో వేసుకుని ఇంటింటికీ తిరుగుతుంది. ఏ గడప తొక్కినా ఏదో ఒకటి కొలవకుండా కదలదు. ఎవరికి ఎన్నో నెలో, ఎవరి పిల్లకు ఏ టీకా మిగిలిందో, ఎవరు మాత్రలు మింగినట్టు నటించి దిండు కింద దాస్తున్నారో ఆమెకు నోటికొచ్చు. అయితే నోటికొచ్చినది ఆరోగ్యం కిందికి రాదు. ఫోనులోకి ఎక్కాలి.

ఫోనులో మనిషికొక గుర్తు ఉంటుంది. బాగుంటే పచ్చ, అంతంతమాత్రంగా ఉంటే పసుపు, ప్రమాదమైతే ఎరుపు. ఎర్ర గుర్తు పడిన మనిషిని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలని మొదట్లో నియమం. తరవాత పైవాళ్లు లోతుగా ఆలోచించి, జబ్బులు తగ్గించడం కన్నా ఎర్ర గుర్తులు తగ్గించడం తేలికని కనుక్కున్నారు. ఒక్కో ఎర్ర గుర్తుకూ సూపర్‌వైజరు ఏడు పేజీల సంజాయిషీ రాసుకోవాలని ఉత్తర్వు వేశారు. ఆ నెల నుంచి మా చుట్టుపక్కల ఊళ్లన్నీ కోలుకోవడం మొదలుపెట్టాయి.

ఆ సూపర్‌వైజరే పచ్చసారు. ఆ పేరు మేం పెట్టుకున్నదే, ఆయనకు తెలియదు. చాలా మంచివాడు. ఎవరినీ పల్లెత్తు మాట అనడు. ఎర్ర గుర్తు కనిపిస్తే మాత్రం తనకే ఒంట్లో బాగాలేనట్టు ముఖం పెట్టి, "ఎందుకమ్మా ఇలా చేశావు?" అని కొలతలక్కను అడుగుతాడు. కొలిచినవాళ్లదే తప్పని ఆయన నమ్మకం. కొలవక ముందు అంతా బాగానే ఉంది కదా.

ఇలా ఉండగా పోటీ వచ్చింది. ఏడాదిపాటు ఒక్క ఎర్ర గుర్తూ లేని ఊరికి బహుమతిగా అంబులెన్స్ ఇస్తారట. ఎర్ర గుర్తులు ఎక్కువ ఉన్న ఊళ్లకు ఇస్తే బాగుంటుందేమోనని కొలతలక్క మీటింగులో అడిగిందట. అలా చేస్తే జబ్బుల్ని ప్రోత్సహించినట్టవుతుందని పచ్చసారు ఓపికగా వివరించాడు.

మా ఊరు పోటీలో నెగ్గేలాగే ఉంది. పన్నెండో నెల వచ్చింది. ఆ నెలలోనే మా పిన్నికి ఎనిమిదో నెల వచ్చింది.

పిన్ని బట్టలు కుడుతుంది. మా ఇంటి ముందు గదిలో కిటికీ పక్కన ఆమె మిషను. కొలతలక్క బీపీ చూడడానికి వచ్చినప్పుడల్లా, "ఊరందరి కొలతలూ నేను తీస్తుంటే నువ్వొచ్చి నా కొలతలు తీస్తావేంటక్కా?" అని నవ్వేది. ఆ రోజు కొలతలక్క నవ్వలేదు. ముందు పిన్ని కాళ్లకేసి చూసింది. తన చెప్పులు పట్టక బాబాయి చెప్పులు వేసుకుని తిరుగుతోంది పిన్ని. మడమ దగ్గర వేలితో నొక్కితే పడిన గుంట మళ్లీ పైకి రావడానికి చాలాసేపు పట్టింది.

"నూట యాభై ఆరు. కింద నూట రెండు" అంది కొలతలక్క. ఫోనులో ఎర్ర గుర్తు పడింది. "రేపు పొద్దున బస్సుకి పెద్దాసుపత్రికి వెళ్లాలి. ఇది ఆడుకునే వ్యవహారం కాదు. నీకూ ముప్పే, లోపలి బిడ్డకూ ముప్పే."

రేపటిదాకా ఎందుకు, గంటలో పచ్చసారే వచ్చేశాడు. ఆరోగ్యశాఖ ఇంత వేగంగా కదలడం మా వీధి ఎన్నడూ చూడలేదు. ఆయన చెమట తుడుచుకుంటూ పిన్ని ముందు కూర్చుని, "మళ్లీ కొలుద్దాం, తొందరేం లేదు" అన్నాడు.

మళ్లీ కొలిచారు. కూర్చోబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి, రెండో చేతికి ఒకసారి, చల్లటి నీళ్లు తాగించి ఒకసారి. పిన్ని వాళ్ల అత్తగారిని పెరట్లోకి పంపి కొలిస్తే ఆరు తగ్గింది. ఆమెను వీధి చివరిదాకా పంపితే ఇంకా తగ్గుతుందేమోనని పచ్చసారు ఆశపడ్డాడు కానీ ఆవిడ వెళ్లనంది. ఎనిమిదిసార్లయినా ఎరుపు ఎరుపే. తొమ్మిదోసారికి మిషను బ్యాటరీ అయిపోవచ్చి, అంకెలు మసకబారి, నూట పద్దెనిమిది చూపించి ఆరిపోయింది.

"చూశావా, ఓపిక ఉండాలి" అన్నాడు పచ్చసారు.

"అది బ్యాటరీ సార్."

"బ్యాటరీ కూడా మన ఆఫీసు ఇచ్చిందే కదమ్మా. దాన్ని నమ్మకపోతే ఎలా?"

"నేను ఎక్కించను సార్" అంది కొలతలక్క నెమ్మదిగా.

"నువ్వు శ్రమపడకు" అని ఆయనే ఫోను తీసుకుని ఎక్కించాడు. పిన్ని పచ్చబడింది. ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. పచ్చసారు పిన్నికి అభినందనలు చెప్పి వెళ్లాడు.

కొలతలక్క తన సొంత నోటుపుస్తకంలో తొమ్మిది అంకెలూ రాసుకుని, మళ్లీ బస్సు మాటే ఎత్తింది. బాబాయి చేయి అడ్డం పెట్టాడు. "పచ్చ పడింది కదక్కా, ఇంకేంటి? బాగున్న మనిషిని ఆసుపత్రికి తీసుకెళ్తే నవ్వరూ?"

అదీకాక పిన్నికి తీరిక లేదు. అంబులెన్స్ అందుకునే సభలో ఊరి ఆరోగ్యానికి గుర్తుగా నలభై మంది ఆడపిల్లలం పచ్చ చొక్కాలు తొడుక్కుని నిలబడాలి. ఆ నలభై చొక్కాలూ కుట్టే పని పిన్నికే అప్పగించారు. వాచిన కాళ్లతో మిషను తొక్కుతూ ఆమె రోజుకు మూడు ఆరోగ్యాలు కుట్టేది. కొలతలక్క రోజూ సాయంత్రం వచ్చి బీపీ చూసేది, ఎడమ పక్కకు తిరిగి పడుకోమనేది, తలనొప్పి వచ్చినా కళ్ల ముందు మెరుపులు కనిపించినా ఉన్నపళంగా కబురు చేయమనేది. ఆమె ఫోనులోకి ఎక్కించినప్పుడల్లా పడిన ఎర్ర గుర్తును పచ్చసారు తన ఫోను నుంచి సరిచేసేవాడు. ఇద్దరూ విసుగు లేకుండా ఎవరి పని వాళ్లు చేసుకుపోయారు.

సభ వారం రోజుల్లోకి వచ్చేసరికి ఊరిని బాగు చేశారు. ఆరోగ్య గదికి పచ్చరంగు వేశారు. లోపలి మంచానికి కొత్త పరుపు వచ్చింది. మాసిపోతుందని దాని ప్లాస్టిక్ తొడుగు తీయలేదు, ఎవరినీ పడుకోనివ్వలేదు. జ్వరం ఉన్నవాళ్లను చుట్టాల ఇళ్లకు వెళ్లిరమ్మన్నారు. చివరి వీధి తాతకు చుట్టాలు లేరు కాబట్టి సభ జరుగుతున్నంతసేపూ ఇంట్లోనే తలుపేసుకుని దగ్గుకుంటానని ఆయన దగ్గర మాట తీసుకున్నారు. ఆడపిల్లలకు వారం రోజులు చప్పట్లు నేర్పించారు. రిబ్బన్ తెగగానే కొట్టాలి, ఒక చప్పట్టు ముందూ వెనకా కాకూడదు.

సభ రోజు పొద్దున్నే అంబులెన్స్ వచ్చి ఆరోగ్య గది ముందు ఆగింది. తెల్లగా, బుగ్గ లైటుతో, కొత్త పెళ్లికూతురిలా ఉంది. నడుం చుట్టూ ఎర్ర రిబ్బన్ కట్టి ముందు పెద్ద పువ్వుముడి వేశారు. పక్కన పళ్లెంలో కత్తెర. ముఖ్య అతిథి పది గంటలకు వస్తారని చెప్పారు. పదకొండుకి బయలుదేరారని చెప్పారు. పన్నెండుకి కూడా బయలుదేరారు.

ఈలోగా పచ్చసారు మైకు ముందుకొచ్చాడు. "ఆరోగ్య కార్యకర్త ఈ వ్యవస్థకు వెన్నెముక. ఆమె కాళ్లే మన రోడ్లు. ఆమె కళ్లే మన యంత్రాలు. ఆమె లేనిదే మనం లేము" అన్నాడు. వెన్నెముక వెనకే ఉండాలి కాబట్టి కొలతలక్కకు ఆఖరి వరుసలో, చెయ్యి విరిగిన కుర్చీ వేశారు.

పిన్ని ఆరోగ్య గది మెట్ల మీద కూర్చుని చివరి చొక్కాలకు బొత్తాలు కుడుతోంది. సూదిలో దారం ఎక్కించమని నన్ను పిలిచింది. ఎక్కించి ఇచ్చాను. కాసేపటికి మళ్లీ పిలిచింది.

"ఏం పిన్నీ, ఇప్పుడే కదా ఎక్కించాను?"

"రెండు సూదులు కనిపిస్తున్నాయే. ఏది పట్టుకోవాలో తెలీడం లేదు. ఆ లైట్లు ఎవరు వేశారు, కళ్లలోకి కొడుతున్నాయి?"

లైట్లేవీ లేవు. నేను వెనక వరుసకు పరిగెత్తాను.

కొలతలక్క వచ్చి పట్టీ చుట్టింది. నూట డెబ్బై ఎనిమిది, కింద నూట పద్నాలుగు. ఈసారి ఆమె మళ్లీ కొలవలేదు. నేరుగా పచ్చసారు దగ్గరికి వెళ్లింది.

"సార్, అంబులెన్స్ కావాలి. ఇప్పుడే."

పచ్చసారు ముఖం వాడిపోయింది. "ఇవాళేనా అమ్మా?"

"బీపీకి తేదీలు తెలీవు సార్."

"అరగంట కూర్చోబెట్టి మళ్లీ..."

"అరగంటలో ఫిట్స్ వస్తే మనిషి దక్కదు సార్. బిడ్డా దక్కదు."

ఆయన ఆలోచించాడు. మంచివాడు కాబట్టి మధ్యేమార్గం దొరికింది. "ముఖ్య అతిథి గంటలో వచ్చేస్తారు. రిబ్బన్ కోయగానే మొదటి రోగిగా ఈమెనే ఎక్కిద్దాం. ఫొటో కూడా బాగుంటుంది. అంతదాకా లోపల మంచం మీద పడుకోబెట్టు." అంతలోనే గుర్తొచ్చి, "పరుపు మీద కాదు, కిందేమైనా పరిచి" అన్నాడు.

కొలతలక్క డ్రైవరు దగ్గరికి వెళ్లింది. ఆయన బండి నీడలో నిలబడి టీ తాగుతున్నాడు.

"అన్నా, పెద్దాసుపత్రికి ఎంతసేపు?"

"గంటన్నర. కానీ రిబ్బన్ కోసేదాకా తాళం తిప్పొద్దని ఆర్డరమ్మా."

"కోస్తే తిప్పుతావా?"

"కోస్తే ఎందుకు తిప్పను?"

"ఎవరు కోయాలో చెప్పారా నీకు?"

డ్రైవరు గ్లాసు కింద పెట్టి జ్ఞాపకం చేసుకున్నాడు. "అది మాత్రం ఆర్డరులో లేదమ్మా."

కొలతలక్క పళ్లెంలోంచి కత్తెర తీసుకుని రిబ్బన్ కోసేసింది. రిబ్బన్ తెగగానే చప్పట్లు కొట్టాలని మాకు నేర్పించారు కాబట్టి నలభై మందిమీ కొట్టాం. ఒక్క చప్పట్టు ముందూ వెనకా కాలేదు. వారం శ్రమ వృథా పోలేదని మా పీటీ టీచరు కళ్లు చెమర్చాయి.

పిన్నిని ఎక్కించారు. మా అమ్మ ఎక్కింది, కొలతలక్క ఎక్కింది. బాబాయి కూడా ఎక్కబోయాడు కానీ సభకు మైకు సెట్టు ఆయనదే. "ఆడవాళ్లు ఇద్దరున్నారు కదయ్యా, నువ్వెళ్లి చేసేదేముంది? మైకు పోతే ఎవరు చూస్తారు?" అని పెద్దవాళ్లు నచ్చజెప్పారు. అంబులెన్స్ ఊరు దాటేదాకా బాబాయి చూసి, వెనక్కి వచ్చి, "హలో, హలో, మైక్ టెస్టింగ్" అన్నాడు. ఆయన గొంతు వణికింది. మైకులో లోపమేమోనని వైర్లన్నీ మళ్లీ బిగించారు.

ముఖ్య అతిథి రెండున్నరకు వచ్చారు. అప్పటికి పచ్చసారు తెగిన రిబ్బన్‌ను ముడివేసి, అంబులెన్స్ నిలబడిన చోట రెండు గుంజలు పాతి, వాటికి కట్టించి ఉంచాడు. అతిథి రిబ్బన్ కోశారు. మేం కొట్టాం. తరవాత ఆయన జేబులోంచి కాగితం తీసి ప్రసంగం చదివారు. "మీ కళ్ల ముందు నిలబడి ఉన్న ఈ అత్యాధునిక వాహనాన్ని చూడండి" అని చెయ్యి చాచారు. సభంతా అటు చూసింది. అక్కడ ఒక కోడి తిరుగుతోంది. "దీని తెల్లదనం మీ ఊరి ఆరోగ్యానికి అద్దం పడుతోంది" అన్నారు. కోడి కూడా తెల్లదే కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. "ఈ వాహనం ఎన్నడూ కదలాల్సిన అవసరం రాకూడదని నా కోరిక" అని ముగించారు. చప్పట్లు చాలాసేపు మోగాయి. నేనూ కొట్టాను. పక్కవాళ్లు కొడుతుంటే మానడం ఎలాగో మాకు నేర్పలేదు.

అదే సమయానికి పెద్దాసుపత్రిలో పిన్నికి ఆపరేషన్ జరుగుతోంది. పాప పుట్టింది. కేజీ ఆరువందల యాభై గ్రాములు. ఇరవై మూడు రోజులు వెచ్చటి పెట్టెలో ఉంచారు. ఇంకో గంట ఆలస్యమై ఉంటే ఇద్దరిలో ఎవరినీ ఇంటికి పంపగలిగేవాళ్లం కాదని డాక్టరమ్మ మా అమ్మతో అంది. నోటితో అంది కాబట్టి అది ఏ ఫైలులోకీ రాలేదు. ఎర్ర గుర్తు పెద్దాసుపత్రి లెక్కలో పడింది కాబట్టి మా ఊరి పచ్చదనానికి ఏ మచ్చా రాలేదు.

చిక్కంతా అంబులెన్స్‌తో వచ్చింది. ప్రారంభం కాకముందే వాడకంలోకి వచ్చిన వాహనాన్ని ఏం చేయాలో నియమాల్లో లేదు. పై ఆఫీసు దాన్ని వెనక్కి పిలిపించి, షెడ్డులో పెట్టి, విచారణకు ఒక అధికారిని వేసింది. కొలతలక్కకు నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా రిబ్బన్ కోయడం, తన పరిధి దాటి పెద్దాసుపత్రిలో రెండు రోజులు ఉండడం, ఆ రెండు రోజులూ తన పరిధిలో లేకపోవడం ఆమె మీద మోపిన నేరాలు.

విచారణాధికారి ఒక బుధవారం మా ఇంటికొచ్చాడు. ముందు గదిలో పిన్ని మిషను బల్ల మీద కాగితాలు పరుచుకున్నాడు. ఊరివాళ్లంతా గుమ్మం దాకా నిండిపోయారు. ఆయన విషయాన్ని చక్కగా విడమరిచాడు.

"ఆ రోజు నిజంగా ప్రమాదం ఉందని మీరంటే, ఊళ్లో ఎర్ర గుర్తు ఉన్నట్టు. ఉంటే బహుమతి తప్పు. అంబులెన్స్ వేరే ఊరికి వెళ్లిపోతుంది. ప్రమాదమేమీ లేదని మీరంటే, ఊరు పచ్చగానే ఉన్నట్టు. ఒక మనిషి తొందరపాటుకు ఊరు బాధ్యత కాదు. అంబులెన్స్ ఎల్లుండే వస్తుంది."

"మరి అక్క?" అన్నాడు బాబాయి.

"ఆవిడ సంగతి మేం చూసుకుంటాం."

బాబాయి తల గోక్కున్నాడు. "రేపు ఇంకెవరికైనా ఇలాగే అయితే అంబులెన్స్ ఊళ్లో ఉండాలి కదండీ" అన్నాడు. అందరికీ అది న్యాయంగా తోచింది. "పిల్లాజెల్లా ఉన్నవాళ్లం" అన్నారు. "ఆమెకేం, చదువుకున్నది, ఎక్కడైనా బతుకుతుంది" అన్నారు. వరుసలో నిలబడి ఒక్కొక్కరే సంతకాలు చేశారు. చివరి వీధి తాత దగ్గుతూ వేలిముద్ర వేశాడు. మా అమ్మ కూడా చేసింది. ముందు వంటింట్లోకి వెళ్లి కాసేపు ఉండి వచ్చి చేసింది.

ఇదంతా జరుగుతుంటే కొలతలక్క పెరటి గుమ్మం దగ్గర పాపను తూస్తోంది. వారం వారం తూచి పాలు సరిపోతున్నాయో లేదో చూడకపోతే ఇంత చిన్న పిల్లలు చేతుల్లోంచి జారిపోతారని ఆమె చెప్పింది. తూకానికి తగిలించిన బట్ట ఉయ్యాలలో పాప ముడుచుకుని నిద్రపోతోంది. కొలతలక్క ముల్లు నిలబడేదాకా ఆగి చూసి, "రెండు కేజీల నూట పది. పోయిన వారం కన్నా రెండువందలు పెరిగింది. బంగారుతల్లి" అంది.

పాపను తెచ్చి పిన్ని ఒళ్లో పెట్టింది. బల్ల మీద కాగితం చూసింది. చుట్టూ ఉన్న మమ్మల్ని చూసింది. మేమంతా పాపను చూశాం.

"వచ్చే బుధవారం మళ్లీ తూచాలి. మర్చిపోకండి" అని తూకం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఇంక పిన్ని సంతకం ఒక్కటే మిగిలింది. రోగి సంతకం లేకపోతే రోగం లేదనడానికి ఆధారం ఉండదట. అధికారి పెన్ను మూత తీసి ఇచ్చాడు. పిన్ని పాపను ఒక చేతిలోకి మార్చుకుని పెన్ను అందుకుంది.

"ఆ రోజు నాకేమీ లేదని రాయాలాండీ?"

"రాయనక్కర్లేదమ్మా, రాసే ఉంది. సంతకం చాలు."

"వచ్చే బుధవారం పాపను ఎవరు తూస్తారు?"

"అంబులెన్స్ వస్తోంది కదమ్మా" అన్నాడు అధికారి.

పిన్ని కాగితం మీదికి వంగింది. పాప నిద్రలేచి చేతులు విసురుతోంది, పెన్ను కదిలిపోతోంది. సంతకం వంకరపోకుండా పాపను నేను ఎత్తుకున్నాను.